గుత్తి కుదిరితేనే గురి

రైఫిల్ షూటింగ్‌లో నైపుణ్యమంటే లక్ష్యం నడిమధ్యను కొట్టగలగడమేనని చాలామంది అనుకుంటారు గానీ, ఆ ఆట నేర్పేవారు కొత్త విద్యార్థి కాల్చిన కాగితాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా చూసేది నడిమధ్యను కాదు, పది గుండ్లు చేసిన పది రంధ్రాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్న సంగతిని. ఆ పదీ ఎడమవైపు దిగువన ద్రాక్షగుత్తిలా ఒకేచోట కూడి ఉంటే, గురిచూసే పరికరానికి ఉన్న మరను నాలుగు మెట్లు తిప్పి గుత్తినంతటినీ నడిమధ్యకు జరపవచ్చు. అలా కాక ఒకటి మాత్రం నడిమధ్యన పడి, మిగిలినవి కాగితమంతా చెదిరిపోతే ఏ మరను ఎటు తిప్పినా ప్రయోజనం ఉండదు. షూటర్లు ఈ గుత్తిని గ్రూప్ అనీ, దాన్ని చిన్నది చేసుకునే సాధనను గ్రూపింగ్ అనీ అంటారు. గుత్తి ఎక్కడ పడిందన్నది గురికి సంబంధించిన ప్రశ్న, అది ఎంత చిన్నదన్నది నిర్దుష్టతకు సంబంధించిన ప్రశ్న. ప్రెసిషన్ షూటింగ్ అనే క్రీడాశాఖ అంతా ఈ రెండో ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే.

ఈ భేదం విజయవాడలోని పటమట వాసులకు వింతగా తోచవలసిన పని లేదు. పక్కనే ఉన్న ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే మెకానిక్ అంగుళంలో వెయ్యో వంతును ‘థౌ’ అని పిలుస్తాడు. ఒక ముక్క కొలతకు సరిపోవడం పెద్ద విశేషం కాదనీ, వందో ముక్క కూడా మొదటి ముక్క కొలతలోనే దిగడం పనితనమనీ అతనికి చేతి అనుభవంగా తెలుసు. లక్ష్యానికి గురిపెట్టే క్రీడ కూడా విజయవాడకు కొత్త కాదు. చెరుకూరి లెనిన్ పేరుతో ముడిపడిన ఓల్గా ఆర్చరీ అకాడమీ ఈ నగరానికి విలువిద్యలో గుర్తింపు తెచ్చింది, ఇక్కడి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో కాంపౌండ్ విల్లుతో 3 స్వర్ణాలు గెలిచింది, బొమ్మదేవర ధీరజ్ ఒలింపిక్స్ వరకూ వెళ్లాడు. రైఫిల్ మాత్రం కృష్ణా డెల్టాలో ఇంకా అంతగా వేళ్లూనలేదు. తెలుగునాట దాని కథ ప్రధానంగా హైదరాబాదు చుట్టూ నడిచింది. ఖర్చు, చట్టం, శిక్షణశాలల కొరత అనే మూడు కారణాలకు తోడు, ఈ ఆట నిజానికి ఏమిటో సామాన్య పాఠకుడికి విడమరిచి చెప్పేవారు లేకపోవడం కూడా ఒక కారణమే.

రైఫిల్ అన్న పేరు గొట్టం లోపలి పనితనం నుంచి వచ్చింది. గొట్టం లోపలి గోడ మీద మెలి తిరుగుతూ సాగే సన్నని గాడులు ఉంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ ముందుకు దూసుకుపోయేటప్పుడు తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది. బొంగరం తిరుగుతున్నంతసేపూ మొన మీద నిటారుగా నిలిచి, వేగం తగ్గగానే తూలి ఒరిగిపోయినట్లే, తిరిగే తూటా తన దిశను నిలుపుకుంటుంది, తిరగని గుండు గాలిలో తడబడుతుంది. పోటీల్లో వాడే .22 రైఫిల్ గొట్టంలో గాడి సాధారణంగా 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది కనుక, సెకనుకు 325 మీటర్ల వేగంతో వెలువడే తూటా సెకనుకు దాదాపు 800 చుట్లు తిరుగుతూ పోతుంది. అయితే ఇంత చక్కని గొట్టమైనా తనలో వేసిన తూటాలు ఒకేలా ఉన్నప్పుడే ఒకేలా ప్రవర్తిస్తుంది. మందు రవ్వంత ఎక్కువైనా, తూటా వెంట్రుకవాసి ఒరిగి కూర్చున్నా ఆ తేడా లక్ష్యం మీద కనిపించక మానదు. అందుకే ఈ ఆట గురించిన ఏ వివరణైనా తుపాకి దగ్గర మొదలై తొందరగానే మందుగుండు దగ్గరికి చేరుతుంది.

మందుగుండు అన్న తెలుగు మాటలోనే ఆ సాంకేతికత చరిత్ర దాగి ఉంది. పూర్వం తుపాకి పేల్చేవాడు ముందు మందును కొలిచి గొట్టంలో పోసి, తర్వాత గుండును దించి, బద్దతో దట్టించేవాడు. అంటే ప్రతి దెబ్బకూ మందూ వేరు, గుండూ వేరు, ఆ రెంటినీ కూర్చే చేయి పేల్చేవాడిదే. ఆ మందు సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన నల్లమందు. మన పెద్దలు పెట్లుప్పు అని పిలిచిన ఆ సురేకారం 17వ శతాబ్దంలో బందరు రేవు ఉన్న కోరమాండల్ తీరం నుంచి ఓడలకెక్కి ఐరోపాకు చేరేది, అదే తీరం మీది పులికాట్‌లో డచ్చివారు తుపాకిమందు కర్మాగారాన్నే నడిపారు. అడవి అంచు పల్లెల్లో పంటల కాపలాకు వాడిన నాటు తుపాకులు కూడా ఈ పద్ధతివే. ఆ రోజుల్లో చేతికూర్పు అన్నది ప్రత్యేకమైన విద్య కాదు, తుపాకి పట్టిన ప్రతివాడూ చేసే పనే.

19వ శతాబ్దంలో ఈ విడి భాగాలన్నీ ఒక లోహపు గూటిలోకి చేరి నేటి తూటా అయింది. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఇత్తడి గొట్టం దాని ఒళ్లు. అడుగున ప్రైమర్ అనే చిన్న మూకుడు, లోపల పొగరాని మందు, మూతి దగ్గర బిగించిన బులెట్ మిగిలిన భాగాలు. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీలో కాగితం మీది చుక్క దెబ్బ తగలగానే ఎలా పేలుతుందో, ప్రైమర్ కూడా సూది దెబ్బకు అలాగే పేలి, ఆ నిప్పును మందుకు అందిస్తుంది. పొగరాని మందును ఫ్రాన్సుకు చెందిన పాల్ వియేల్ 1884లో తయారుచేశాడు. అది సామాన్యార్థంలో పేలదు, మూసిన గూటిలో అతి వేగంగా కాలి వాయువుగా మారుతుంది, ఆ వాయువు ఒత్తిడి బులెట్‌ను ముందుకు నెడుతుంది. ఆ క్షణంలో ఇత్తడి ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుని వాయువు వెనక్కి రాకుండా అడ్డుకుంటుంది, ఒత్తిడి తగ్గగానే మళ్లీ కాస్త కుంచించుకుని వదులవుతుంది. ఇత్తడికి ఉన్న ఈ సాగే గుణమే చేతికూర్పు అనే విద్యకు ఆధారం, ఎందుకంటే పేలిన తర్వాత కూడా ఆ గూడు పాడవకుండా మిగులుతుంది.

చేతికూర్పు, అంటే హ్యాండ్‌లోడింగ్, అమెరికాలోనూ ఐరోపాలోని కొన్ని దేశాల్లోనూ ప్రెసిషన్ షూటర్లు ఇంట్లో బల్ల ముందు కూర్చుని చేసుకునే పని. పేలిన ఇత్తడి గూళ్లను కడిగి, కాలిన ప్రైమర్‌ను తీసివేసి, ఉబ్బిన ఒంటిని అచ్చులో ఒత్తి పాత కొలతకు తెచ్చి, పొడుగైన మూతిని కత్తిరించి, కొత్త ప్రైమర్‌ను అమర్చి, మందును తూచి పోసి, బులెట్‌ను నిర్ణీతమైన లోతుకు దించుతారు. పదేపదే ఒత్తిన ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది కనుక మూతిని మంటపై కాచి మెత్తబరుస్తారు. బిందెను సుత్తితో కొట్టి కొట్టి మధ్యమధ్య కొలిమిలో కాచే కంచరి చేసేది కూడా ఇదే పని, లోహ ధర్మం ఒక్కటే. మందు తూకానికి వాడే కొలమానం గ్రెయిన్, అంటే మొదట ఒక ధాన్యపు గింజ ఎత్తు; మన కంసాలులు బంగారాన్ని తూచిన గురివింద గింజ బరువులో అది సుమారు సగం. జాగ్రత్త గల షూటర్ ఆ గ్రెయిన్‌లో పదో వంతుకు, అంటే దాదాపు 6.5 మిల్లీగ్రాములకు కూడా లెక్క చెబుతాడు.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు దూరమే సమాధానం. దూరం నుంచి కాల్చినప్పుడు గుత్తి ఎంత చిన్నదో చెప్పడానికి షూటర్లు కోణాన్ని వాడతారు: ఒక డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం, 100 మీటర్ల దూరంలో అది 29 మిల్లీమీటర్లకు సమానం, అంటే 10 రూపాయల నాణెం కన్నా కొంచెం పెద్దది. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్సన్ పేరు మీదుగా ఎఫ్-క్లాస్ అని పిలిచే పోటీలో 1000 గజాల దూరంలోని లక్ష్యపు లోపలి వలయం వెడల్పు 5 అంగుళాలే. అంత దూరాన రెండు తూటాల వేగాల మధ్య సెకనుకు 5, 6 మీటర్ల తేడా వస్తే చాలు, సాధారణమైన పెద్ద రైఫిళ్లలో ఒకటి మరొకదాని కన్నా ఇంచుమించు జానెడు కిందపడుతుంది. కర్మాగారంలో లక్షల సంఖ్యలో తయారయ్యే తూటాల్లో ఆ తేడాను పూర్తిగా తీసివేయడం కష్టం, బల్ల ముందు ఒక్కొక్కటిగా కూర్చే చేతికి అది సాధ్యం. డబ్బు ఆదా అన్న మాటా వినిపిస్తుంది గానీ, ఈ విద్యను నిలబెట్టినది పొదుపు కాదు, ఒక తూటా మరొక తూటాలా ఉండాలన్న పట్టుదల.

ఆ పట్టుదలలో ప్రమాదమూ ఉంది, దాన్ని దాచి ఈ విద్యను పొగడడం పాఠకుడికి ద్రోహమవుతుంది. పొగరాని మందుల్లో తొందరగా కాలేవి, నెమ్మదిగా కాలేవి అనే రకాలు అనేకం ఉన్నాయి, కంటికి అవి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని బదులు మరొకటి పోసినా, ఏమరుపాటున ఒకే గూటిలో రెండుసార్లు పోసినా రైఫిల్ పగిలి కన్నో చెయ్యో పోవచ్చు. వాతావరణం వేడెక్కితే చాలా రకాల మందులు మరింత వేగంగా కాలి ఒత్తిడిని పెంచుతాయి కనుక, చల్లని దేశంలో చలికాలపు ఉదయాన క్షేమంగా తేలిన తూకం రోహిణీ కార్తె ఎండలో కారు డిక్కీలో కాగిన తూటాలో క్షేమంగా ఉంటుందన్న భరోసా లేదు. అందుకే ఆ దేశాల్లోనూ మందు తయారీదారులు పరీక్షించి ప్రచురించిన కొలతల పుస్తకం తెరిచిపెట్టుకుని, దానిలోని కనిష్ఠ తూకం నుంచే మొదలుపెట్టి, ఒకసారికి ఒకే రకం మందును బల్ల మీద ఉంచుకునే అలవాటును గురువులు మొదటి పాఠంగా చెబుతారు.

భారతదేశంలో పరిస్థితి వేరు, అది స్పష్టంగా తెలియాలి. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఆ చట్టంలో మందుగుండు అన్న నిర్వచనం కిందికి తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రీ కూడా వస్తాయి. 2019లో జరిగిన సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష 7 సంవత్సరాల జైలు, గరిష్ఠం యావజ్జీవం. అంతర్జాలంలో చూసిన వీడియో పుణ్యాన అచ్చు పరికరం తెప్పించుకుని ఇంట్లో తూటాలు కూర్చుదామనుకునే యువకుడు తెలియక చేసినా తప్పించుకోలేడు. ఇక క్రీడాపరంగా చూసినా నష్టం పెద్దది కాదు: ఒలింపిక్స్‌లో 50 మీటర్ల దూరానికి వాడే .22 తూటాలో ప్రైమర్ విడిగా ఉండదు, పేలే పదార్థాన్ని గూటి అడుగంచు లోపలే పూస్తారు, సూది ఆ అంచును నలగ్గొడుతుంది, కనుక ఆ గూడు తిరిగి వాడుకకు పనికిరాదు. అంచున పేలే ఈ రకాన్ని రిమ్‌ఫైర్ అనీ, అడుగు నడుమ ప్రైమర్ ఉన్నదాన్ని సెంటర్‌ఫైర్ అనీ అంటారు. చేతికూర్పు అంతా రెండో రకానిదే. 10 మీటర్ల రైఫిల్‌లో అయితే మందే లేదు, నెట్టేది గాలి.

చేతికూర్పు బల్ల లేకపోయినా దాని బుద్ధి మన షూటర్ల చేతుల్లో మరోరూపంలో కనిపిస్తుంది. .22 తూటాలను కర్మాగారాలు లాట్ల వారీగా, అంటే ఒకే విడతలో ఒకే యంత్రం మీద తయారైన వరుసగా, సంఖ్య వేసి అమ్ముతాయి. ఒక రైఫిల్‌కు నచ్చిన లాట్ పక్క రైఫిల్‌కు నచ్చకపోవచ్చు, కారణం ఇదమిత్థంగా చెప్పడం నిపుణులకూ కష్టమే. అందుచేత ఇంగ్లండులోని ఈలీ, ఐరోపాలోని లాపువా వంటి సంస్థలు షూటర్ రైఫిల్‌ను బిగింపులో పెట్టి వేర్వేరు లాట్లను పేల్చి చూసే పరీక్షాశాలలు నడుపుతాయి, అగ్రశ్రేణి క్రీడాకారులు అక్కడికి రైఫిల్ పట్టుకుని వెళ్లి, కుదిరిన లాట్‌ను ఏడాదికి సరిపడా కొనుక్కుంటారు. గాలి రైఫిల్‌కు వాడే సీసపు పెల్లెట్లలోనూ తల కొలత 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని డబ్బాల మీద వేరువేరుగా రాసి ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడా కోసం మూడు డబ్బాలు పరీక్షించే షూటర్, గ్రెయిన్‌లో పదో వంతు కోసం కళ్లు చికిలించే చేతికూర్పరి, ఇద్దరూ ఒక్క గురువు శిష్యులే.

కొత్తవారు మొదలుపెట్టవలసినది ఈ గాలి రైఫిల్‌తోనే. తిరునాళ్లలో బుడగలు కొట్టే తుపాకీ కూడా గాలిదే కదా అనిపించవచ్చు గానీ, దానిలో బిగించిన స్ప్రింగు వదులైనప్పుడు తుపాకి మొత్తం ఉలిక్కిపడుతుంది, గుండు గొట్టం దాటేలోపే గురి చెదురుతుంది. పోటీ రైఫిల్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడితో సిలిండర్‌లో నింపిన గాలి ఒక్కో దెబ్బకు కొలిచినట్లు కొద్దిగా వెలువడుతుంది, వెనక్కి తన్నడం దాదాపు ఉండదు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల వేగంతో బయలుదేరి 10 మీటర్ల దూరం దాటేసరికి సెకనులో 6 నూరో వంతులు గడుస్తాయి. లక్ష్యపు కాగితం వెడల్పులో వలయాలన్నీ కలిపి 45.5 మిల్లీమీటర్లు, నల్లని భాగం 30.5 మిల్లీమీటర్లు, 10 మార్కుల వలయం మాత్రం 0.5 మిల్లీమీటరు, అంటే వాక్యం చివర పెట్టే చుక్క. ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వచ్చాక ఆ చుక్కను కూడా పది భాగాలు చేశారు: సరిగ్గా నడిమధ్యన పడితే 10.9, అక్కడి నుంచి ప్రతి పావు మిల్లీమీటరుకూ 0.1 తగ్గుతుంది. నిలబడి 75 నిమిషాల్లో 60 గుండ్లు కాల్చాలి, గరిష్ఠం 654.0.

ఇక్కడ ఒంటి పని మొదలవుతుంది, ఈ ఆటలో అన్నిటికన్నా అందమైన భాగం అదే. రైఫిల్ బరువు 5.5 కిలోల వరకూ ఉండవచ్చు, దాన్ని కండబలంతో మోస్తే నాలుగో గుండుకే చేయి వణుకుతుంది. అందుచేత కుడిచేతి వాటం షూటర్ ఎడమ మోచేతిని తుంటి ఎముకకు ఆనించి, నడుమును కాస్త వెనక్కి వంచి, రైఫిల్ బరువు ఎముకల మీదుగా పాదాలకు దిగేటట్లు నిలబడతాడు. బరువైన బిందెను చంకనెత్తుకునే స్త్రీ చేతితో కాక నడుముతో మోయడంలో ఉన్న ఒడుపే ఇందులోనూ ఉంది. అలా నిలిచాక కళ్లు మూసుకుని, కండరాలన్నీ వదులు చేసి, రెండు శ్వాసలు తీసి కళ్లు తెరిస్తే రైఫిల్ ఏదో ఒక దిక్కును చూస్తూ ఉంటుంది. ఒంటికి ఆ భంగిమలో సహజమైన గురి అదే. అది లక్ష్యానికి పక్కగా ఉంటే చేతులతో లాగి సరిచేయడం కొత్తవారు చేసే పొరపాటు, ఎందుకంటే లాగిన కండరం ట్రిగర్ నొక్కే క్షణంలో తిరిగి తన చోటికి పోవాలని చూస్తుంది. పాదాలను కదిపి, ఒళ్లంతా తిప్పుకుని, ఆ సహజ గురినే లక్ష్యం మీదికి తేవాలి. 60 గుండ్లకూ 60 సార్లు ఇది చేయాలి, ఒక్కసారి బద్ధకించినా గుత్తి లెక్కచెబుతుంది.

గురిచూడడానికి కంటి దగ్గర చిన్న రంధ్రం, గొట్టం చివర ఒక వలయం ఉంటాయి. వలయంలో నల్లని లక్ష్యం చంద్రుడి చుట్టూ గుడికట్టినట్లు సమానమైన తెల్లని అంచుతో అమరాలి, చూపు వలయం మీద నిలవాలి, లక్ష్యం కాస్త మసకగా కనిపించినా ఫర్వాలేదు. శ్వాసను సగం వదిలి ఆపి, ట్రిగర్‌ను తాకీ తాకనట్లు నొక్కుతూ పోవాలి, గుండు వెళ్లాక కూడా ఒకటి రెండు సెకన్లు అదే భంగిమలో నిలవాలి. పెల్లెట్ గొట్టాన్ని దాటడానికి పట్టే సెకనులోని కొన్ని వేలవంతుల కాలంలో ఒళ్లు కదిలితే దాని దారీ కదులుతుంది. 8 నుంచి 10 సెకన్లలోగా గుండు వెళ్లకపోతే రైఫిల్‌ను దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. దించేయగలగడం ఒక నేర్పు, దాన్ని నేర్చుకోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

ఈ చిన్న తేడాలు ఎంత పెద్దవో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ క్రీడాజీవితం చూపుతుంది. 2003లో హైదరాబాదులోనే జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో 10 మీటర్ల స్వర్ణంతో వెలుగులోకి వచ్చిన అతను, అర్హతలో దశాంశాలు లెక్కించని ఆ రోజుల్లో, 2008 బీజింగ్ ఒలింపిక్స్ అర్హత పోటీలో 600కు 595 సాధించాడు; సమాన స్కోరు వచ్చినవారిని వేరుచేసే నిబంధన వల్ల తొమ్మిదో స్థానానికి జారి, ఎనిమిది మందికే చోటున్న ఫైనల్‌కు వెళ్లలేకపోయాడు. అదే పోటీలో 596 సాధించిన అభినవ్ బింద్రా ఫైనల్లో గెలిచి, భారతదేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో నారంగ్ అర్హతలో 598, ఫైనల్లో 103.1, మొత్తం 701.1తో కాంస్యం గెలిచినప్పుడు అతనికీ స్వర్ణ విజేతకూ మధ్య 70 గుండ్ల మీద తేడా సరిగ్గా 1.0 మాత్రమే. తర్వాత అతను స్థాపించిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ హైదరాబాదులోనూ శిక్షణ ఇస్తోంది. అక్కడ నేర్చుకున్న ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్నవాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో 10 మీటర్ల రైఫిల్‌లో వ్యక్తిగతంగానూ మిశ్రమ జట్టులోనూ స్వర్ణాలు గెలిచాడు, వినికిడి ఉన్నవారితో కలిసి జూనియర్ ప్రపంచ కప్ పోటీల్లోనూ నిలిచాడు. మిగిలినవారు చెవుల్లో దూది కుక్కుకుని వెతుక్కునే నిశ్శబ్దం అతనికి మొదటినుంచీ పరిచయం అన్నది నిజమే కావచ్చు గానీ, అతని గెలుపును దానికే ముడిపెడితే అతను రోజూ చేసిన సాధనను తక్కువ చేసినట్లవుతుంది. పిస్టల్‌లోనూ తెలుగువారున్నారు: హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది, గుంటూరు యువకుడు నేలవల్లి ముఖేష్ 2024 లీమా జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పతకాలు సాధించాడు.

విజయవాడ కుర్రాడికి తుపాకితో తొలి పరిచయం చాలాసార్లు కళాశాల ఎన్‌సీసీలో, నేల మీద పడుకుని కాల్చే .22 రైఫిల్‌తో అవుతుంది. ఆసక్తి అక్కడే పుట్టినా, దాన్ని ఆటగా మలుచుకోవడానికి శిక్షకుడు ఉన్న 10 మీటర్ల రేంజిలో చేరడం అవసరం. 10 మీటర్ల గది, మంచి వెలుతురు, చివర గట్టి గోడ ఉంటే చాలు కనుక ఇలాంటి రేంజి నగరం నడుమ కూడా సాధ్యమే, పటమటలోని ఇండోర్ స్టేడియం వంటి చోట్ల ఒక మూలన కూడా ఇమిడిపోతుంది. జిల్లా, రాష్ట్ర పోటీల నుంచి జోనల్ పోటీలకు, అక్కడి నుంచి మావలంకర్ చాంపియన్‌షిప్‌కు, ఆ తర్వాత జాతీయ పోటీలకు మెట్లున్నాయి. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి తొలి అధ్యక్షుడైన లోక్‌సభ స్పీకర్ జి.వి. మావలంకర్ పేరే ఆ పోటీకి పెట్టారు. సొంత రైఫిల్ కొనే తొందర పనికిరాదు. పోటీ రైఫిళ్లు ఎక్కువగా జర్మనీ నుంచి వస్తాయి, వెల లక్షల్లో ఉంటుంది, దానికి తోడు వెన్నుకు దన్నుగా నిలిచే మందపాటి కోటు, పంట్లాం, బూట్లు కావాలి. కనీసం ఆరు నెలలు రేంజి రైఫిల్‌తోనే కాల్చి, భంగిమ కుదిరాక, తన ఒంటి కొలత తెలిశాక కొనడం మంచిది. నారంగ్ తల్లిదండ్రులు కొడుకు రైఫిల్ కోసం స్థలం అమ్ముకున్న సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది; ప్రతి ఇంటినుంచీ ఆ త్యాగం కోరడం న్యాయం కాదు, రేంజిలో నాలుగు మంచి రైఫిళ్లను నలభైమంది పిల్లలు పంచుకునే ఏర్పాటు ప్రభుత్వమో పురపాలక సంఘమో చేయవలసినది.

4.5 మిల్లీమీటర్లు మించని, 20 జౌళ్ల శక్తి దాటని గాలి రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, పోటీ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు; .22 రైఫిల్‌కు మాత్రం లైసెన్సు తప్పనిసరి, 21 ఏళ్లు నిండనివారికి క్రీడా శిక్షణ కింద షరతులతో కూడిన మినహాయింపు మాత్రమే ఉంది. లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన గాలి రైఫిల్ ఆటవస్తువు కాదు, అది కన్ను పోగొట్టగలదు. దానితో కొల్లేటి కొంగల మీదో చెరువు గట్టు పిట్టల మీదో గురి పరీక్షించుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఈ ఆటకు అంతకన్నా అవమానం మరొకటి లేదు. తుపాకి ఖాళీదని తెలిసినా నిండుదన్నట్లే చూడడం, మూతిని మనుషుల వైపు తిప్పకపోవడం, గురి కుదిరేదాకా వేలు ట్రిగర్ మీద పెట్టకపోవడం, లక్ష్యం వెనుక ఏముందో తెలుసుకోవడం అనే నాలుగు నియమాలను శిక్షకులు మొదటి రోజునే ఒంటపట్టిస్తారు. కాల్చడం ముగియగానే గొట్టంలో రంగు తాడు దూర్చి అందరికీ కనిపించేటట్లు ఉంచడం రేంజి ఆచారం. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిన్ పొట్లం విప్పకూడదు. సముద్రపు తేమ పాకే ఈ ప్రాంతంలో .22 రైఫిల్ ఉక్కుకు వారానికోసారి నూనె పూయకపోతే తుప్పు పడుతుంది.

బయటి 50 మీటర్ల రేంజిలో గాలి కూడా ప్రత్యర్థి అవుతుంది. దారి పొడవునా చిన్న జెండాలు కడతారు, అవి ఊగే తీరును బట్టి షూటర్ ఆగడమో, గురిని కాస్త పక్కకు జరపడమో చేస్తాడు. ఇంకా దూరం కాల్చేవారు దుర్భిణిలో కనిపించే ఎండమావి ఏ దిక్కుకు పారుతోందో చూసి గాలిని అంచనా వేస్తారు. మే నెల మధ్యాహ్నం బందరు రోడ్డు మీద తారు పైన వణికే వేడిగాలిని చూసిన కంటికి ఆ విద్య మొదటి అక్షరం వచ్చినట్లే. అయితే ఉదయపు చల్లదనంలో కుదిరిన గురి మధ్యాహ్నానికి మారిపోతుంది కనుక, ఈ ప్రాంతంలో సాధన తెల్లవారుజామున పెట్టుకోవడం ఒంటికీ గురికీ క్షేమం.

రేంజి అందుబాటులో లేని రోజు సాధన ఆగనవసరం లేదు. శిక్షకుడి అనుమతితో, పెల్లెట్లు మరో గదిలో పెట్టి, ఖాళీ రైఫిల్‌తో గోడ మీది చుక్కకు గురిపెట్టి ట్రిగర్ నొక్కే పొడి సాధనకు అగ్రశ్రేణి షూటర్లు నిజమైన కాల్పుల కన్నా ఎక్కువ సమయం ఇస్తారు. 5 మీటర్ల గదిలో 15 మిల్లీమీటర్ల నల్లచుక్క అతికిస్తే అది కంటికి దాదాపు 10 మీటర్ల లక్ష్యమంత కనిపిస్తుంది. గుండు లేనందున చెవికి చప్పుడు, కంటికి మార్కు ఉండవు, ట్రిగర్ కదిలిన క్షణంలో వలయం ఎటు జరిగిందో మాత్రమే కనిపిస్తుంది, నేర్చుకోవలసింది అదే. దానితోపాటు ఒక నోటుపుస్తకం కావాలి. చేతికూర్పు చేసేవారు ప్రతి విడతకూ మందు పేరు, తూకం, ఇత్తడి ఎన్నిసార్లు వాడినదీ, ఆ రోజు ఎండ ఎంత ఉన్నదీ రాసుకున్నట్లే, గాలి రైఫిల్ పట్టినవాడు తేదీ, వేళ, పెల్లెట్ డబ్బా మీది సంఖ్య, పాదాల మధ్య ఎడం, కోటు బొత్తాలు ఎన్ని పెట్టుకున్నదీ, గురిచూసే పరికరం మర ఎన్ని మెట్లు ఎటు తిప్పినదీ, పది గుండ్ల గుత్తి వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లన్నదీ రాసుకోవాలి. మార్కుల గడిని మొదటి మూడు నెలలూ ఖాళీగా వదిలేయవచ్చు.